ఏరియల్ కొలత

ఆ ఏడాది వానలు పట్టుకున్న నాలుగోరోజున అన్నయ్య కారు ఇంటికొచ్చింది. అన్నయ్య రాలేదు.

రెండేళ్ళు పోలీసు స్టేషన్ వెనక రేకుల కింద పడున్న కారుని, ఫైలు మూసేశాం తీసుకుపోండి అని కబురుపెడితే, నాన్న వెళ్ళి సంతకం పెట్టి, ట్రాక్టరుకి తాడు కట్టించి లాక్కొచ్చాడు. స్టీరింగ్ ముందు తనే కూర్చున్నాడు. అద్దం మీద వాననీళ్ళు కారుతుంటే లోపలి మనిషి సరిగ్గా కనబడడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మకి ఒక్క క్షణం అది నాన్న అని తెలియలేదు. ఆ క్షణంలో ఆవిడ మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. చూడకపోతే బాగుండేది.

జరిగింది చెప్పాలంటే ఎక్కువ లేదు. రెండేళ్ళ కిందట ఒకరోజు పొద్దున అన్నయ్య ఆ కారులో బయల్దేరాడు. ఆ సాయంత్రానికి నలభై కిలోమీటర్ల అవతల రిజర్వాయరు గట్టున కారు ఆగి ఉంది. తలుపులు వేసే ఉన్నాయి. తాళంచెవి దాని చోటనే ఉంది. చెప్పులు బ్రేకు పక్కన జతగా విడిచి ఉన్నాయి. ముందు మడ్‌గార్డు మీద ఉండే రేడియో కడ్డీ, ఏరియల్ మాత్రం విరిగిపోయి, నాలుగువేళ్ళ మోడు మిగిలింది. వలలేశారు, ఈతగాళ్ళు దిగారు. ఏమీ దొరకలేదు. అప్పటినుంచి మా ఇంట్లో అన్నయ్య గురించి మాట్లాడాలంటే ఏ క్రియ వాడాలో ఎవరికీ తెలియదు. 'ఉండేవాడు' అంటే అమ్మ ఏడుస్తుంది, 'ఉన్నాడు' అంటే వదిన లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

నాన్న ముప్ఫై ఏళ్ళు గొలుసు పట్టి భూములు కొలిచిన సర్వేయరు. కంటికి కనబడ్డది కాయితం మీద పెడితేగాని ఆయనకి నిద్ర పట్టదు. గట్టు బొమ్మ గీశాడు, కారు ఎక్కడ ఆగిందో గీశాడు, చివరికి ఒక మాట దగ్గర ఆగిపోయాడు. "ఏరియల్ ఊరికే విరగదు. పెనుగులాట జరిగింది." విరిగిన ముక్క కోసం నాలుగురోజులు గట్టు మీద ఉత్తికాళ్ళతో వెతికాడు. దొరకలేదు. దొరక్కపోవడమే ఆయనకి ఇంకా పెద్ద రుజువైంది.

కారుని మొదట చూసింది అక్కడ పడవ నడిపే ఆయన. ఆ పడవాయన చెప్పిన ఒక్క మాట ఆయన కొంప ముంచింది. సాయంత్రం ఆ దారిన వస్తుంటే కారులో రేడియో మాట్లాడుతోందనీ, లోపల ఎవరో ఉన్నారనుకుని చాలాసేపు దగ్గరికి వెళ్ళలేదనీ చెప్పాడు. నాన్న దాన్ని పట్టుకున్నాడు.

"ఏరియల్ లేని రేడియో మాట్లాడుతుందా? చిట్టీ, నువ్వు చెప్పు."

నేను బస్సు డిపోలో ఎలక్ట్రికల్ సెక్షన్లో పనిచేస్తాను. వైర్లు, బ్యాటరీలు, హారన్లు, రేడియోలు నా పని. "బుస్సుమంటుంది, అంతే నాన్నా" అన్నాను. ఆ మాట కూడా ఫిర్యాదు కాయితంలోకెక్కింది. పడవాయన్ని పందొమ్మిది రోజులు లోపల కూర్చోబెట్టి, ఏమీ తేలక వదిలేశారు. వదిలేస్తే మాత్రం? నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు జనం. ఆయన పడవ ఎక్కేవాళ్ళే లేకపోయారు.

సరే, కారు వచ్చింది. ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టాం. నేను బ్యాటరీ ఛార్జి చేశాను, సీట్లు ఎండబెట్టాను. మిగతావన్నీ ఆరాయి గాని డ్రైవరు సీటు మాత్రం ఆరేది కాదు. పొద్దున్నే వెళ్ళి చూస్తే అటువైపు అద్దం లోపలినుంచి ఆవిరి పట్టి ఉండేది. రబ్బరు పోయింది, తేమ దిగుతోంది అని నాకు నేనే చెప్పుకుని, గుడ్డతో తుడిచి, డ్యూటీకి వెళ్ళిపోయేదాన్ని. మర్నాడు మళ్ళీ ఆవిరి.

వారం తిరక్కుండా అమ్మ మధ్యాహ్నాలు కారులోకి మార్చింది. కూరగాయల పళ్ళెం పట్టుకెళ్ళి డ్రైవరు పక్కసీట్లో కూర్చునేది. తాళంచెవి ఒక గీత తిప్పి రేడియో పెట్టేది. బుస్సుమనే శబ్దం, అంతే. ఆ బుస్సు వింటూ బెండకాయలు తరిగేది.

ఒకరోజు నన్ను పిలిచింది. "చిట్టీ, ఇలా వచ్చి కూర్చో. మాట్లాడకు."

వెనకసీట్లో కూర్చున్నాను. రేకుల మీద వాన, రేడియోలో బుస్సు. రెండిటికీ తేడా తెలియడంలేదు.

"వినబడిందా?" అంది.

"ఏంటి?"

"మాట్లాడబోయే ముందు వాడు గొంతు సవరించుకుంటాడే. అది."

నాకేమీ వినబడలేదని చెప్పి లేచొచ్చేశాను. మూడోరోజు మాత్రం వినబడింది. రెండుసార్లు. మొదటిది పెద్దగా, రెండోది పొట్టిగా, అన్నయ్య దగ్గేలాగే. 

"డిపోలో వైర్‌లెస్ సెట్లుంటాయమ్మా. వాటివే తగులుతుంటాయి" అన్నాను. మా డిపోలో ఆ సెట్లు తీసేసి ఆరేళ్ళయింది. ఆ సంగతి అమ్మకి తెలియదు.

"గొంతు సవరించుకోవడమే గాని మాట రావడంలేదే" అంది అమ్మ, పళ్ళెంలోకి చూస్తూ. "ఏరియల్ పెడితే మాట కూడా వస్తుందేమో. పెట్టవే."

నాన్న దగ్గర ఆ మాటెత్తితే ఇంతెత్తున లేచాడు. "అది సాక్ష్యం! ఫైలు వాళ్ళు మూసుకుంటే మూసుకోనీ, నేను మూయలేదు. ఎవరైనా ఆ మోడు ముట్టుకుంటే ఊరుకోను."

"సాక్ష్యాన్ని పట్టుకుని మీరు కూర్చోండి" అంది అమ్మ. "వాడు అక్కడ మాట్లాడదామని చూస్తుంటే నోరు కట్టేసినట్టు..."

"ఎవడు మాట్లాడుతున్నాడు? నీకేమైనా మతి పోయిందా?"

అమ్మ మర్నాటినుంచి మధ్యాహ్నం భోజనం కూడా కారులోకే పట్టుకెళ్ళింది.

వదిన గురించి చెప్పాలి. అన్నయ్య వెళ్ళాక వదిన మాతోనే ఉండిపోయింది. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ ఎవరూ అనలేదు. ఆసుపత్రిలో మందుల కౌంటర్లో పని. వచ్చేది, వండేది, నాన్నకి బీపీ మాత్ర గుర్తుచేసేది, పడుకునేది. కారు వచ్చిన దగ్గర్నుంచి షెడ్డు ముందు నడవడం మానేసింది. బట్టలు ఆరేయాలన్నా తడిబకెట్టు మోసుకుని ఇల్లంతా చుట్టి అటువైపునుంచి వచ్చేది. భయమా వదినా అంటే, బురదగా ఉంది చిట్టీ అనేది. బురద రెండువైపులా ఒకటే.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి షెడ్డులో నేను చూసింది ఇప్పటికీ మర్చిపోలేను. అమ్మ ముందుసీట్లో ఉంది. నాన్న వెనకసీట్లో చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరు సీటు ఖాళీ. ఇద్దరూ ఎటో ప్రయాణం కట్టి, డ్రైవరు టీ తాగి వస్తాడని ఎదురుచూస్తున్నవాళ్ళలా ఉన్నారు. రేడియో బుస్సుమంటోంది. నేను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసినా అలాగే ఉన్నారు.

చీకటి పడకముందే నాన్న లోపలికొచ్చాడు. మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే నా ముందు నిలబడ్డాడు.

"ఏరియల్ ఎంత సైజుదో కనుక్కో. పాత మోడు మాత్రం జాగ్రత్తగా విప్పి నా చేతికివ్వు."

విన్నాడా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

పాత కార్ల సామాన్లు అమ్మే షాపాయన ముక్కు మీద కళ్ళజోడు, నోట్లో లవంగం. కారు పేరు చెప్పగానే నవ్వాడు.

"అమ్మాయ్, ఈ కారు చేసినవాళ్ళే దీన్ని మర్చిపోయారు. నువ్వింకా గుర్తుపెట్టుకున్నావా?"

"దొరుకుతుందా లేదా చెప్పండి."

"దొరక్కేం? నా దగ్గర లేనిది నా జుట్టొక్కటే. కానీ దీనికి రెండు రకాలొచ్చాయి. లాగితే మూడు మడతలుగా సాగేదా, నాలుగు మడతలదా? పొడుగు మారితే కింద కేబులూ మారుతుంది. విరిగిన ముక్క పట్టుకురా, కొలిచి ఇస్తాను."

"ముక్క దొరకలేదండీ."

"దొరక్కపోవడమేంటి? ఇనపముక్క, రెక్కలొచ్చి ఎగిరిపోతుందా? ఎక్కడ విరిగిందో అక్కడే ఉంటుంది."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే చెప్పాను. కొలత కావాలట, మూడో నాలుగో మడతలు లెక్క కావాలట. నాన్న గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. అన్నయ్య దాన్ని ఎప్పుడూ పూర్తిగా పైకి లాగే ఉంచేవాడన్నాడు, లోపలికి తొయ్యమని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదన్నాడు. అమ్మ చెయ్యి గాల్లో అంత ఎత్తు అని చూపించింది. నాన్న కాదన్నాడు, ఇంకాస్త అన్నాడు. వదిన మంచినీళ్ళు పోస్తోంది. నా గ్లాసు నిండి, పొంగి, నీళ్ళు బల్ల మీదనుంచి నా ఒళ్ళో పడేదాకా పోస్తూనే ఉంది.

మర్నాడు ఆదివారం. వాన కాస్త తెరిపిచ్చింది. నేను షెడ్డులో మోడు చుట్టూ ఉన్న నట్టు విప్పుతున్నాను. తుప్పు పట్టి ఊడనంటోంది. కిరసనాయిలు పోసి నానబెట్టి కూర్చున్నాను. అప్పుడు వదిన వచ్చింది. ఇల్లు చుట్టి కాదు, తిన్నగా షెడ్డు ముందునుంచే. చంకలో పాత తువ్వాలు చుట్ట ఉంది.

"కొలత కావాలన్నావుగా" అంది.

తువ్వాలు విప్పి బానెట్ మీద పెట్టింది. ఏరియల్. మూడు మడతలది. ఎక్కడా తుప్పు లేదు, రోజూ తుడిచినట్టు మెరుస్తోంది. నేను దాన్ని తీసి మోడు మీద పెట్టి చూశాను. పెట్టి చూడాల్సిన అవసరం లేదు, అయినా పెట్టాను. విరిగిన అంచు మీద విరిగిన అంచు, వెంట్రుకంత సందు లేకుండా కూర్చుంది.



"మూడునెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు మీ అన్నయ్య" అంది వదిన. "ఉద్యోగం పోయిందని నాకు చెప్పనేలేదు. రోజూ డబ్బా కట్టించుకుని వెళ్ళేవారు, రోజూ ఖాళీ డబ్బా తెచ్చేవారు. ఆరోజు డబ్బా వద్దన్నారు. ఎక్కడికి అన్నాను. చెప్పలేదు. సరే, ఎక్కడికో చెప్పకపోతే మానె, వస్తానని చెప్పి వెళ్ళు అన్నాను. పక్కవీధికి వెళ్ళేవాడైనా 'వస్తా' అనే కదా వెళ్తాడు? అనలేదు చిట్టీ. కారు వెనక్కి కదుల్తుంటే దీన్ని పట్టుకున్నాను. ఆ ఒక్క మాట అను, వదిలేస్తాను అన్నాను. నా మొహంకేసి చూశారు. చూస్తూనే పోనిచ్చారు. ఇది నా చేతిలోకి వచ్చేసింది."

"అప్పుడే చెప్పాల్సింది వదినా."

"చెబుదామనే అనుకున్నాను. ఈలోపు మావయ్యగారు పెనుగులాట అన్నారు. అది విన్నప్పుడు... నిజం చెప్పనా? హాయిగా అనిపించింది. ఎవరో ఏదో చేశారంటే, తనంతట తను వెళ్ళలేదనే కదా అర్థం."

"మరి ఆ పడవాయన?"

వదిన తువ్వాలు మడతపెట్టింది. మళ్ళీ విప్పింది.

"ఆయన లోపలున్న పందొమ్మిది రోజులూ నేను అన్నం తిన్నానో లేదో నీకు గుర్తుందా?"

"లేదు."

"తిన్నాను. రోజూ రెండుపూటలా తిన్నాను. నాకు నా మీద భయం వేసింది అప్పుడే."

మామూలుగా అయితే అరిచేదాన్ని. కానీ 'బుస్సుమంటుంది, అంతే' అన్న మాట నాదే కదా. ఏ మొహం పెట్టుకుని అరుస్తాను? నాన్నకి నువ్వే చెప్పాలి అన్నాను. ఏరియల్ బిగించాక చెబుతాను అంది.

సోమవారం మూడు మడతలది తెచ్చాను. మంగళవారం డ్యూటీ నుంచి తొందరగా వచ్చి పనిలోకి దిగాను. పని తెలిసినవాళ్ళకి ఇది పెద్ద పనేం కాదు. పాత కేబుల్ రేడియో వెనకనుంచి డాష్‌బోర్డు కిందుగా వచ్చి మడ్‌గార్డు బెజ్జంలోంచి పైకొస్తుంది. లోపలి కొసకి పురికొస కట్టి, పైనుంచి పాత కేబుల్ లాగేస్తే, ఆ దారిలో పురికొస మిగులుతుంది. దానికి కొత్త కేబుల్ కట్టి లోపలినుంచి లాగాలి. బయట ఒకరు అందించాలి, లోపల ఒకరు లాగాలి. బెజ్జం చుట్టూ రంగు గీకి ఇనుము బయటపెట్టాలి, లేకపోతే ఎర్త్ అందదు.

రంగు గీకాను. పురికొస కట్టాను. వదినని సాయం రమ్మన్నాను. తలుపు చప్పుడైంది. నేను బెజ్జం మీదకి వంగి, తల ఎత్తకుండానే అన్నాను, "లాగు వదినా, మెల్లిగా."

పురికొస బిగుసుకుంది. కేబుల్ కదిలింది. ఎంత పొందిగ్గా లాగుతోందో అనుకున్నాను. నేను అందించేకొద్దీ అంతే తీసుకుంటోంది, తొందర లేదు, ఆలస్యం లేదు. మూలమలుపు దగ్గర తట్టుకుంటే రెండుసార్లు చిన్నగా గుంజి సరిచేసింది కూడా. ఏరియల్ అడుగు మడ్‌గార్డుకి ఆనింది.

"చాలు వదినా. ఇక వదిలెయ్."

"ఏంటి చాలు?" అంది వదిన నా వెనకనుంచి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నేనడిగిన టార్చిలైటు. చెంగు అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడే ఇంట్లోంచి వస్తోంది.

నేను కారులోకి తొంగి చూశాను. ఎవరూ లేరు. కొత్త కేబుల్ కొస డ్రైవరు కాళ్ళ దగ్గర రబ్బరు చాప మీద ఉంది. నేను రెండు ముళ్ళేసి బిగించిన పురికొస, ముడి విప్పి, పక్కన పెట్టి ఉంది.

కేబుల్ బరువుకి తనే జారి ఉంటుందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. జారడం వరకు ఒప్పుకుంటాను. ముడి సంగతి నాకు తెలియదు.

వదినకి ఏమీ చెప్పలేదు. ప్లగ్గు రేడియోలో పెట్టాను. నలుగురం కారులో కూర్చున్నాం. అమ్మ ముందు, నేను డ్రైవరు సీట్లో, నాన్నా వదినా వెనక. తాళంచెవి తిప్పాను.

పాట వచ్చింది. ముల్లు జరిపితే వార్తలు. ఇంకాస్త జరిపితే ఎవరో అమ్మాయి దోమల మందు గురించి గలగలా చెబుతోంది. అన్నీ పక్కగదిలో మాట్లాడుతున్నంత స్పష్టంగా ఉన్నాయి. అమ్మ ముందుకు వంగి, ఈ చివరనుంచి ఆ చివరకి, మళ్ళీ వెనక్కి, పావుగంట సేపు తిప్పింది. తర్వాత చెయ్యి తీసేసింది.

"ఇప్పుడు ఊళ్ళోవాళ్ళందరూ మాట్లాడుతున్నారు. వాడొక్కడే లేడు" అంది.

నేను రేడియో కట్టేశాను. వాన మళ్ళీ అందుకుంది. వెనకసీట్లో వదిన తువ్వాలు విప్పిన చప్పుడైంది.

"మావయ్యా, మీరు గట్టు మీద వెతికింది ఇదే. ఇది అక్కడ విరగలేదు. మన గేటు దగ్గర, నా చేతిలో విరిగింది."

నాకు చెప్పినదంతా మళ్ళీ చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. నేను తలపైనున్న చిన్నద్దంలో నాన్న మొహం చూస్తున్నాను. ఆయన అరుస్తాడనుకున్నాను. ఆయన ఆ ముక్కని ఒళ్ళో పెట్టుకుని జానతో కొలిచాడు. ఒక జాన, రెండు జానలు, పైన నాలుగువేళ్ళు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే కొలిచేశాయి.

"ఆరోజు పొద్దున్నే పెట్రోలు పోయించి మీటరు రాసుకున్నాను" అన్నాడు చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "ఇంటినుంచి గట్టుకి నలభై. మీటరు అరవైరెండు తిరిగింది. ఆ ఇరవైరెండూ వాణ్ణి ఎవరో ఎక్కడికో తిప్పారనుకున్నాను రెండేళ్ళూ." ఆగాడు. "సగం పోతే పదకొండు. పదకొండు కిలోమీటర్లు వెనక్కొచ్చాడన్నమాట. మళ్ళీ తిరిగి వెళ్ళాడు."



"నువ్వడిగిన మాట చెబుదామనే వెనక్కొచ్చి ఉంటాడమ్మా" అన్నాడు వదినతో. అని, తలుపు తీసుకుని వానలోకి దిగి, గొడుగు లేకుండానే ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

రెండురోజులు నాన్న గదిలోంచి బయటికి రాలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు కాయితం రాశాడు, చింపాడు, మళ్ళీ రాశాడు. నేను ప్లగ్గులు తుడిచి, పాత పెట్రోలు తీసేసి, బండిని స్టార్ట్ చేశాను. నాలుగు దగ్గులు దగ్గి అందుకుంది. శనివారం పొద్దున్నే నలుగురం రిజర్వాయరుకి బయల్దేరాం. దారంతా ఎవరూ రేడియో పెట్టలేదు.

పడవ గట్టు మీద బోర్లించి ఉంది. దాని అంచు చుట్టూ గడ్డి మొలిచింది. పడవాయన పాక ముందు కూర్చుని ముళ్ళకంచె తీగ సాపు చేస్తున్నాడు. నేననుకున్నదానికన్నా చిన్నవాడు, నలభై కూడా ఉండవు. మా కారుని చూడగానే లేచి నిలబడ్డాడు. మమ్మల్ని కాదు, కారుని చూసి.

"బాగున్నారా?" అన్నాడు నాన్న. స్టేషన్లో ఆయన్ని 'ఒరేయ్' అన్న మనిషి.

"మీ దయ" అన్నాడు పడవాయన.

నాన్న కాయితం విప్పి చదివాడు. నిలబడి, మొత్తం, తేదీతో సహా. నా అనుమానం తప్పని తేలింది, ఇతను నిరపరాధి అన్న చోట ఆగాడు. మళ్ళీ ఆ వాక్యం మొదటినుంచి చదివాడు. ఒక నకలు స్టేషన్లో ఇస్తానన్నాడు, ఇంకొకటి ఇక్కడి పంచాయతీ ఆఫీసులో అంటిస్తానన్నాడు. పడవాయన కాయితం తీసుకుని, చూడకుండానే పాక చూరులో దోపాడు.

"చూద్దాం సారూ. జనం నోళ్ళకి కాయితం అడ్డం పడుతుందేమో."

"విరిగింది నా చేతిలో. దాచింది నేను" అంది వదిన. "మావయ్యగారిది కాదు తప్పు."

పడవాయన మొదటిసారి వదిన వైపు చూశాడు. "రేడియో మాట్లాడిందని నేను అబద్ధం చెప్పలేదమ్మా."

అది జరగదు అని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏమని మాట్లాడింది?" అంది వదిన.

 "రెండేళ్ళలో ఈ మాట అడిగినవాళ్ళు మీరే. ఎప్పుడు చూశావ్, ఎంతమందిని చూశావ్, ఎంత దూరం నుంచి చూశావ్... అవే అడిగారు. ఏం విన్నావని ఒక్కరూ అడగలేదు."

తీగ కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"పాటలు కాదమ్మా. ఒక మగమనిషి ఎవరికో దారి చెబుతున్నాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు, ఓపిగ్గా. బస్సు డిపో దాటాక ఎడమకి తిరుగు. మెట్లున్న మందుల కొట్టు దగ్గర కుడికి. రెండు నీళ్ళ ట్యాంకుల మధ్య సందు. అందులో మూడో గేటు. గడియ బిగుసుకుని ఉంటుంది, కాస్త పైకెత్తి తొయ్యి. అంతే. అయిపోగానే మళ్ళీ మొదట్నుంచి. ఎన్నిసార్లో. ఎవరో దారి తెలియక ఫోన్లో అడుగుతున్నారు కాబోలు, మధ్యలో వెళ్ళడమెందుకని దూరంగా ఆగాను. చీకటి పడబోతుంటే దగ్గరికెళ్ళాను. లోపల ఎవరూ లేరు. గొంతు మాత్రం వస్తూనే ఉంది. తలుపు మీద చెయ్యి వేశాను, ఆగిపోయింది."

పడవాయన మా ఊరు ఎప్పుడూ రాలేదు. ఆయనకి మా సందు తెలిసే వీలు లేదు. అయినా నాన్న ఈసారి ఏమీ ప్రశ్నించలేదు. అమ్మ నీళ్ళకేసి తిరిగి నిలబడింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఎడమ, కుడి, రెండు ట్యాంకులు.

తిరుగుదారిలో వదిన, ఆసుపత్రి పక్కన ఒక గది ఖాళీ ఉంది, చూసుకున్నాను అంది. అద్దంలోకి కాదు, కిటికీలోంచి బయటికి చూస్తూ. నాన్న తనవైపు అద్దం ఎక్కించాడు. తర్వాత, "రేపు నేనూ వస్తాను. గాలీవెలుతురూ చూడకుండా గది తీసుకోకూడదు" అన్నాడు. ఆ వానలు వెళ్ళకముందే వదిన ఆ గదికి మారిపోయింది. ఆమెని సాగనంపుతూ ఏడ్చినవాళ్ళలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నాన్నే.

కానీ నేను చెప్పాల్సింది ఆ శనివారం సాయంత్రం సంగతి. డిపో దాటాక ఎడమకి తిప్పాను. మందుల కొట్టు దగ్గర కుడికి తిప్పాను. రోజూ తిరిగే దారే, అయినా ఎవరో చెబుతుంటే నడుపుతున్నట్టుంది. సందులోకి వచ్చి మూడో గేటు ముందు ఆపాను. నాన్న దిగి గడియ తీయబోయాడు. రాలేదు. పైకెత్తి తోశాడు. తెరుచుకుంది. ఆయన లోపలికి రాకుండా ఆ గడియనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గబగబా ఇంట్లోకి వెళ్ళి నూనె డబ్బా, ఆకురాయీ తెచ్చాడు.

అమ్మ కారు అద్దం దించింది.

"దాన్నేం చెయ్యకండి" అంది. "అలాగే ఉండనివ్వండి. వాడికి అలాగే తెలుసు."